మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు : ఎండిన సీమయు, ఏటినీటి పంపకమును

చెన్నపురినుండి చిత్తూరు, పలమనేరు, నంగిలి మార్గమున బెంగుళూరికి బోవువారికి మైసూరు సీమ మొదట ముళబాగిలివద్ద గానవచ్చును. తూర్పువాకిలి యను నర్థముగల మూడలబాగిలు అను కన్నడపదమే కాలక్రమమున ముళబాగిలైనది. పేరు కన్నడమైనను, ఆ తాలూకా పల్లెలలో తఱచుగా వినబడునది తెలుగు భాష. ఈ వాకిలి దాటినవారి కంటికి ముందుగా దోచునది నది కాదు, చెఱువు. రాతిగుట్టల నడుమ పల్లమున్నచోటనెల్ల మట్టికట్ట వేసి, తూము పెట్టి, అలుగు కట్టి, వాన కురిసిన నాలుగునాళ్ల నీటిని నాలుగు మాసములు నిలుపుకొనుటకై పూర్వులు పడిన పాటు అచట అడుగడుగున గానవచ్చుచుండును.

కోలారు మండలమున ఏడాది పొడుగున బాఱు నది యొక్కటియు లేదు. వేలకొలది చెఱువులు మాత్రము కలవు. ఇవి విడివిడిగా నుండునవి కావు. పైచెఱువు నిండి అలుగు పాఱిన నీరు క్రిందిచెఱువునకు జేరును, అది నిండిన పిమ్మట దాని దిగువదానికి. పైయూరివారు అలుగు నొక యడుగు పెంచినచో క్రిందియూరివారి మడి యెండును. కావున అచటి రైతులకు నీటి పంపకమనగా న్యాయశాస్త్రమున జదివి తెలిసికొనవలసిన విషయము కాదు. నీరుగంటి యను గ్రామసేవకుడు తూము తెఱచి, ఏ మడికెంతసేపు నీరు పాఱవలెనో చూచుచుండెను. అతని మాటకు ధనికుడును బీదయు లోబడుచుండిరి. పందొమ్మిదవ శతాబ్దమున మైసూరు సీమకు ముఖ్య ఇంజనీరుగా నున్న శాంకీ దొర ఈ చెఱువుల గొలుసును జూచి, క్రొత్త చెఱువు కట్టుటకు జోటు వెదకుటయే కష్టమని వ్రాసెను.

ఈ పరిసరముల నీటిలో జాలభాగము పాలారునకు జెందినది. నందికొండల ప్రాంతమున బుట్టిన పాలారు కన్నడసీమలో సుమారు 93 కిలోమీటర్లును, కుప్పము ప్రాంతపు తెలుగుసీమలో 33 కిలోమీటర్లును, తమిళసీమలో 222 కిలోమీటర్లును బ్రవహించి సముద్రమును జేరును. ఒక్క చిన్నయేటికి మూడు రాష్ట్రముల హక్కులు! ఆ కొండల చుట్టుప్రక్కలనే ఉత్తర పినాకినియు, దక్షిణ పినాకినియు, చిత్రావతియు, పాపఘ్నియు బుట్టి వేర్వేరు దిక్కులకు బోవును. ఎగువనున్నవానికి జన్మస్థానమను పేరు మిగులును, నీరు దిగువకు బోవును. ఇట్టి నేలపై, నందికొండ నీడలోని ముద్దేనహళ్లియను పల్లెలో జన్మించి, భారతదేశపు నదులకు గట్టలు కట్టుటయందు నూరేండ్ల జీవితమును వినియోగించిన మహాశయుడు మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు. ఆయన జననకాలమున ముద్దేనహళ్లి కోలారు మండలములోనిది. 2007వ సంవత్సరమున జిక్కబళ్ళాపురము ప్రత్యేక మండలమైనప్పుడు దానిలో జేరినది.

విశ్వేశ్వరయ్యగారి యింటిపేరు తెలుగువారికి బరాయిది కాదు. గిద్దలూరి ప్రాంతమునందలి మోక్షగుండము వారి పూర్వుల గ్రామము. కొన్ని తరముల క్రిందట వారు మైసూరు సీమకు వలసపోయిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. ఆయన జన్మదినము 1861 సెప్టెంబరు 15వ తేదియని సాధారణముగా జెప్పుదురు. 1860వ సంవత్సరమనువారును గలరు. బాల్యమునందే తండ్రి గతించుటచే నా కుటుంబము కడగండ్లపాలయ్యెను. చిక్కబళ్ళాపురమున బ్రాథమిక విద్య ముగించి, బెంగుళూరికి బోయి, పిల్లలకు బాఠములు చెప్పి పొట్టపోసికొనుచు, 1881వ సంవత్సరమున సెంట్రల్ కళాశాలనుండి బి. ఏ. పట్టమును బడసిరి. ఆ కళాశాల నాడు మద్రాసు విశ్వవిద్యాలయమునకు జెందినదగుటచే, మన చెన్నపురి విశ్వవిద్యాలయమునకును ఆయన బిడ్డయే యనదగును. పిదప మైసూరు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో బూనాకు బోయి, ఇంజనీరింగు పరీక్షయందు 1883వ సంవత్సరమున బ్రథమస్థానమున గృతార్థులై, మఱుసటి యేడు బొంబాయి మరామతు శాఖలో జేరిరి.

బొంబాయి రాజధానిలో గడచిన రమారమి యిరువదినాలుగేండ్లు ఆయనకు బాఠశాల వంటివి. నాసికము, ఖాందేశము, సింధులోని సక్కరు, సూరతు, పూనా — ఎచట బనిచేసినను ఆయన దృష్టికి వచ్చిన ప్రశ్న యొక్కటియే: ఉన్న నీటిని జెడగొట్టకుండ నెట్లు నిలుపుట? నిలిచిన నీటిని దగవు లేకుండ నెట్లు పంచుట? మొదటి ప్రశ్నకు ఆయన కనుగొన్న యుత్తరము పూనాకు సమీపమున ఖడక్‌వాస్లా జలాశయమున 1903వ సంవత్సరమున నమర్చిన స్వయంచాలక ద్వారములు. చెఱువు నిండిన పిమ్మట వచ్చు నీరంతయు అలుగుపై నుండి వ్యర్థముగా బోవుచుండెను. కట్ట నెత్తు చేయుదమన్న వ్యయము మెండు, వరదకాలమున బ్రమాదము. అలుగు మీద ద్వారములు నిలిపి, నీరొక మట్టము దాటగానే అవి తమంతట దామే తెఱచుకొనునట్లును, వరద తీయగానే మూసికొనునట్లును ఆయన యేర్పాటు గావించిరి. దానిచే గట్టను బెంచకయే సుమారు 8 అడుగుల మేర నీరధికముగా నిలిచెను. పిమ్మట గ్వాలియరు సంస్థానమందలి తిగ్రా కట్టకును, మైసూరు కట్టకును ఇట్టి ద్వారములనే యమర్చిరి.

రెండవ ప్రశ్నకు ఆయన యుత్తరము, విభాగపద్ధతి యని చెప్పదగిన సాగు ఏర్పాటు. దక్కనులోని కాలువల క్రింద చెఱకు వేసిన కొలదిమంది రైతులు నీరంతయు ద్రాగివేయుచుండ, కాలువ చివరనున్నవారి పైరు మాడుచుండెను. ఆయన ఆయకట్టును విభాగములుగా నేర్పఱచి, ప్రతి విభాగమునను గొంత చెఱకునకును, తక్కినది తక్కువ నీటి పైరులకును గేటాయించి, వంతుల చొప్పున నీరు వదలవలెనని నిర్ణయించిరి. మొదట రైతులు సందేహించిరి. ఫలితము చూచిన పిమ్మట సమ్మతించిరి. నిదానించి చూచినచో నిది కోలారు నీరుగంటి వంతునీరే! పల్లెలో నలుబది మడులకు నీరుగంటి చేయు పనిని ఆయన వేలకొలది ఎకరములకు లెక్కవేసి, కొలత పెట్టి, శాసనముగా మార్చిరి. పాశ్చాత్య శాస్త్రమును నేర్చినవారు తమ యూరి తెలివిని మఱవనవసరము లేదనుటకు ఇంతకంటె దృష్టాంతమేల?

1908వ సంవత్సరమున ఆయన స్వచ్ఛందముగా బొంబాయి కొలువు విడిచి విదేశయాత్రకు బోయిరి. ఆ యేడు సెప్టెంబరు 28వ తేదిన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు మృతినొందిరి; ఇండ్లు, వంతెనలు కొట్టుకొనిపోయెను. నిజాము ప్రభుత్వమువారు ఆయనను రావించిరి. 1909వ సంవత్సరమున విశ్వేశ్వరయ్యగారు హైదరాబాదునకు వచ్చి, నది పరీవాహక ప్రదేశమును, అందలి చెఱువులను, వానల లెక్కలను బరిశీలించి, నగరమునకు ఎగువన మూసీమీదను, ఈసీమీదను రెండు జలాశయములు కట్టవలెనని సూచించిరి. ఊరికి గోడ కట్టుటకంటె వరదను ఊరికి ఎగువనే పట్టి, మెల్లగా వదలుట మేలని ఆయన మతము. ఆ ప్రకారమే ఉస్మానుసాగరము 1920వ సంవత్సరమునను, హిమాయతుసాగరము 1927వ సంవత్సరమునను బూర్తియయ్యెను. ప్రాణములు దీసిన నదియే హైదరాబాదువారికి ద్రాగునీరొసంగునదయ్యెను. తెలుగునాట ఆయన చేసిన మహోపకారమిది.

1909 నవంబరులో ఆయన మైసూరు సంస్థానమునకు ముఖ్య ఇంజనీరుగా జేరిరి. ఇచటనే కోలారు కథ మఱల వచ్చుచున్నది. కోలారు బంగారుగనులకు విద్యుచ్ఛక్తి నిచ్చుటకై దివాను శేషాద్రి అయ్యరుగారి కాలమున దలపెట్టిన శివసముద్ర జలవిద్యుత్కేంద్రము 1902వ సంవత్సరమున బనిచేయ నారంభించెను. కావేరి జలపాతమువద్ద బుట్టిన శక్తి సుమారు 92 మైళ్లు తీగలమీద బయనించి గనులను జేరెను. నాటి ప్రపంచమున నది మిక్కిలి పొడవైన విద్యుత్తు మార్గములలో నొకటి. కాని వేసవిలో గావేరి చిక్కిపోగా యంత్రములకు జాలినంత నీరుండదు. గనుల కంపెనీలు అధికశక్తి కావలెననుచుండెను. నది వానకాలమునకు మాత్రమే బానిస. గని పన్నెండు మాసములును బనిచేయవలెను. ఈ రెంటికి సంధి చేయుటకు జలాశయము తప్ప వేఱుదారి లేదు.

ఆ జలాశయమే శ్రీరంగపట్టణమునకు సమీపమున గన్నంబాడివద్ద గట్టబడిన కృష్ణరాజసాగరము. గనులకు నెడతెగని శక్తియు, మండ్య ప్రాంతమున 1,25,000 ఎకరముల సాగుబడియు ఆ యొక్క కట్టవలన సాధింపవచ్చునని ఆయన లెక్కవేసిరి. సంస్థానపు టధికారులలో గొందఱు ఇంత వ్యయము తగదనిరి. మొదటి దశకే 81 లక్షల రూపాయలు కావలసివచ్చెను. నాల్వడి కృష్ణరాజ ఒడయరు మహారాజావారు తుదకు సమ్మతింపగా, 1911వ సంవత్సరమున బని యారంభమయ్యెను. సీమసున్నము దేశమున దొరకని దినములవి. సున్నమును ఇటుకపొడియు గలిపిన సుర్కితో రాతికట్టను లేపిరి. కట్ట పని సాగుచుండగానే గనులకు శక్తి పెంచుట సాధ్యమయ్యెను.

కాని కావేరి యొక్క మైసూరువారి సొత్తు కాదు. దిగువను దంజావూరు రైతులు చోళుల కాలమునుండి కల్లణై యానకట్ట నీటితో వరి పండించుచున్నవారు. 1892వ సంవత్సరపు టొడంబడిక చొప్పున, మైసూరువారు కావేరి, పాలారు, పినాకిని మున్నగు నదులమీద మద్రాసు ప్రభుత్వము సమ్మతిలేక క్రొత్త జలాశయములు కట్టరాదు. సంస్థానమునకును బ్రిటిషు రాజధానికిని నడుమ జరిగిన యొడంబడిక సమానుల నడుమ జరిగినది కాదని మైసూరువారి మొఱ. పూర్వపు హక్కునకు భంగము రాకూడదని తంజావూరివారి మొఱ. రెండును సత్యమే. ఇట్టిచోట ఒక పక్షమును దుష్టుడుగా జిత్రించుట సులభము. కాని నీటి తగవులలో దుష్టులకంటె దప్పిగొన్నవారే యెక్కువ.

మైసూరువారు 4,150 కోట్ల ఘనపుటడుగుల నిలువ గోరిరి. తామును మెట్టూరువద్ద జలాశయము దలపెట్టియుండిన మద్రాసువారు 1,100 కోట్ల ఘనపుటడుగులకు మాత్రము సమ్మతించిరి. విశ్వేశ్వరయ్యగారు కట్టను దక్కువ యెత్తునకే యారంభించిరి గాని, పునాదిని మాత్రము పూర్తి యెత్తునకు దగినంత వెడల్పుగా వేయించిరి. దీనిని దూరదృష్టియని మైసూరువారు కొనియాడిరి. ఒడంబడికకు విరుద్ధమని మద్రాసువారు నిరసించిరి. వ్యవహారము గ్రిఫిన్ దొరగారి మధ్యవర్తిత్వమునకు బోయెను. 1914వ సంవత్సరపు తీర్పు మైసూరునకు అనుకూలించినను, మద్రాసువారు సమ్మతింపక సీమకు విన్నవించుకొనిరి. మఱి పదియేండ్లు కొలతలును, లెక్కలును, చర్చలును సాగిన పిదప 1924 ఫిబ్రవరి 18వ తేదిన సంధి కుదిరెను. కృష్ణరాజసాగరమునకు 124 అడుగుల యెత్తు, 4,482 కోట్లకు మించిన ఘనపుటడుగుల నిలువ, మెట్టూరునకు 9,350 కోట్ల ఘనపుటడుగుల నిలువ, 3,01,000 ఎకరముల క్రొత్తసాగు, దిగువకు నే మాసమున నెంత నీరు వదలిన పిదప ఎగువవారు నిలుపుకొనవచ్చునో నియమములు, యాబదియేండ్లకు బునర్విమర్శ. ఈ సంధివలననే రెండు జలాశయములును బూర్తియయ్యెను. మెట్టూరు 1934వ సంవత్సరమున ముగిసెను.

ఈ సంధి కుదురునాటికి ఆయన దివాను పదవిలో లేరు. 1912 నవంబరునుండి 1918 డిసెంబరు వఱకు దివానుగా నుండి, మైసూరు విశ్వవిద్యాలయము, మైసూరు బ్యాంకు, భద్రావతి ఇనుప కర్మాగారము మున్నగువానికి బునాదివేసిరి. ప్రభుత్వోద్యోగములలో వెనుకబడిన కులములవారికి బ్రత్యేకముగా స్థానము లుంచవలెనను ప్రశ్నపై మహారాజావారితో నభిప్రాయభేదము గలుగుటచే బదవిని విడిచిరి. ఈ విషయమున మేము ఆయన పక్షము వహింపజాలము. ఆయకట్టు చివరి మడికి దనంతట దాను నీరు పోదని, దానికి వంతు నిర్ణయింపవలెనని కాలువల విషయమున గనిపెట్టిన మహామేధావి, విద్యోద్యోగముల విషయమున నా న్యాయమునే యంగీకరింపకపోవుట విచారకరము. కన్నంబాడి జలాశయమున మునిగిన గ్రామముల ప్రజలు చెల్లించిన మూల్యమును గూడ మఱవరాదు. మహనీయుల చరిత్రము వ్రాయువారు కట్ట యెత్తును మాత్రమే కాక, దాని వెనుక మునిగినదానిని గూడ జెప్పుట ధర్మము.

పదవి విడిచిన పిదపను ఆయన విశ్రమింపలేదు. 1937వ సంవత్సరమున ఒరిస్సాలో మహానది వరదలను గూర్చి విచారించి జలాశయముల యావశ్యకతను సూచించిరి. 1955వ సంవత్సరమున భారతరత్న బిరుదము నొందిరి. నూరేండ్లు దాటి, 1962 ఏప్రిల్ మాసమున బెంగుళూరిలో గాలధర్మము నొందిరి. ముళబాగిలిలో 1887వ సంవత్సరమున జన్మించిన ప్రసిద్ధ కన్నడ రచయిత డి. వి. గుండప్పగారు ఆయనతో జిరపరిచయము గలవారు; తమ స్మృతిగ్రంథములందు ఆయన కాలపు మైసూరును వర్ణించిరి. ఆయన జన్మదినమును దేశమంతటను ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నారు.

ఇక కోలారు మాట. కావేరి కోలారునకు బంగారము త్రవ్వు శక్తినిచ్చెను గాని, గ్రుక్కెడు నీరీయలేదు. తీగలవెంట వచ్చిన కావేరి గనులలోనికి దిగిపోయెను. పైనున్న చెఱువులు పూడికతో నిండెను. 2001 ఫిబ్రవరి 28వ తేదిన గనులు మూతపడెను. బోరుబావులు వేయి యడుగులు దాటి లోతునకు బోయెను. ఫ్లోరైడు నీరు ఎముకలను గుల్లచేసెను. నీరుగంటి పని యెచటనో గాని నిలువలేదు. శాంకీ దొర మెచ్చిన గొలుసు, లంకె లంకెగా దెగిపోయెను.

2018వ సంవత్సరమున క్రొత్త యేర్పాటొకటి మొదలయ్యెను. బెంగుళూరు నగరము వాడి విడిచిన నీటిని కోరమంగల, చల్లఘట్ట లోయలలో శుద్ధిచేసి, గొట్టములద్వారా కోలారు చెఱువులకు బంపుట ప్రారంభించిరి. ఆ నగరము ద్రాగునది ముఖ్యముగా గావేరి నీరు. కావున నూరేండ్ల క్రిందట విద్యుత్తుగా వచ్చిన కావేరి, నేడు వాడినీటి రూపమున వచ్చుచున్నదని చెప్పనగును. చెఱువులలో నీరు గనబడుట రైతులకు సంతోషకరము. కాని ఆ శుద్ధి చాలదని, భూగర్భజలము చెడునని కొందఱు న్యాయస్థానముల వఱకు బోయిరి. ఈ యనుమానమును గోపముతో ద్రోసిపుచ్చరాదు. ఎంత నీరు వచ్చుచున్నది, దానిలో నేమున్నది యను లెక్కలను ప్రతిమాసమును ఊరివారి ముందుంచుటయే విశ్వేశ్వరయ్యగారి పద్ధతి. కొలువని నీరు తగవునకు మూలమని ఆయన జీవితమంతయు జాటుచున్నది.

బంగారుపేట తాలూకాలో మార్కండేయనదిపై యర్గోలువద్ద ద్రాగునీటికై కట్టిన యానకట్టపై తమిళనాడు ప్రభుత్వము 1892వ సంవత్సరపు టొడంబడికను జూపి సుప్రీముకోర్టునకు బోయెను. 2019వ సంవత్సరమున నా కోర్టువారు నిరాకరింపగా, కట్ట 2023వ సంవత్సరమున వాడుకలోనికి వచ్చెను. కావేరి విషయమున 1990వ సంవత్సరమున న్యాయాధికరణము, 2007వ సంవత్సరమున దాని తీర్పు, 2018వ సంవత్సరమున సుప్రీముకోర్టు తీర్పు వచ్చెను. యాబదియేండ్ల పిదప 1974లో జేయవలసిన పునర్విమర్శను సకాలమున సఖ్యతతో జేసికొనియున్న, ఈ వ్యవహారమింత దూరము పోవలసివచ్చెడిదా? చెన్నపురిలోని తెలుగువారు నీటి సఖ్యతకు నిదర్శనమును దూరమున వెదకనక్కఱలేదు. 1976వ సంవత్సరమున మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు కృష్ణలో దమ వంతులనుండి తలకు 500 కోట్ల ఘనపుటడుగులు చెన్నపురి దాహమునకై విడిచుటకు సమ్మతించెను. తెలుగుగంగ యనునది ఆ సమ్మతి ఫలమే. ఏటా నిర్ణయించినంత నీరు రాకుండుట వేఱుమాట; ఇచ్చుటకు మనసొప్పుట మొదటిమాట.

మన వకీళ్లు ఒడంబడికలను జదువుదురు. మన ఇంజనీర్లు కట్టలను గట్టుదురు. మన పత్రికలు తమ రాష్ట్రమువారినే సమర్థించును. ఈ మూడింటిలోను విశ్వేశ్వరయ్యగారి జీవితమునుండి నేర్వదగినది కలదు. తమ సంస్థానమునకై ఆయన గట్టిగా వాదించిరి. కాని లెక్కలతో వాదించిరి. నిలువ చేయుట మొదటి ధర్మము, కొలుచుట రెండవది, పంచుట మూడవది యని ఆయన పనులు తెలుపుచున్నవి. నాల్గవది, ఆయనకంటె ముందునుండియు నీరుగంటి యెఱిగినది: క్రిందిమడి యెండినచో పైమడి పంటకును శాంతి యుండదు. పాలారు మీదను, పినాకినుల మీదను ఎగువ దిగువల వారు వానకాలమునకు ముందే కూర్చుండి, కఱవు వచ్చిన యేట నెవరెంత తగ్గించుకొనవలెనో నిర్ణయించుకొనుట ఆవశ్యకము. నిండినయేట గుదుర్చుకొన్న యొడంబడికయే యెండినయేట నిలుచును. దానికి బూనుకొనువారు ముళబాగిలి చెఱువు కట్టమీద నిలిచి, అలుగు దిక్కునకు నొకసారి చూచినచో, తమ పొరుగువారెవరో వారికి వెంటనే తెలియును.